పాసంగం

కూరలమ్మేవాళ్ల చేతిలోని తక్కెడ పోయి అంకెలు వెలిగే కాటా వచ్చాక మన మాటల్లోంచి ఒక మంచి మాట జారిపోయింది. ఆ మాట పాసంగం. విజయనగరంలో గంటస్తంభం దగ్గర కూరలమ్మే ఒకామె ఉండేది. బేరం కుదిరాక, ఇంకా ఏమీ వెయ్యకుండానే తక్కెడ పైకెత్తి ఓ క్షణం ముల్లు వంక చూసేది. ఒకవైపు పళ్లెం కిందికి వాలితే రెండోవైపు ఒక చింతపిక్కో, చిన్న గులకరాయో వేసేది. ముల్లు నిటారుగా నిలబడ్డాకనే రాయీ, వంకాయలూ. ఆ చింతపిక్కే పాసంగం. ధర దగ్గర పావలాకి ప్రాణం విడిచే మనం, ఆ చింతపిక్క ఏ పళ్లెంలో పడిందో మాత్రం చూసేవాళ్లం కాదు. మోసం చెయ్యదలుచుకుంటే చెయ్యవలసిన చోటు అదే. నిజాయితీ చూపించదలుచుకున్నా అదే.

ఇంత పాత మాట నాకు మళ్లీ గుర్తు రావడానికి కారణం మా అక్క కూతురు. ఆ పిల్ల బెంగుళూరులో మెదడు మీద పరిశోధన చేస్తోంది. సిరిమాను పండక్కి వచ్చి నాలుగు రోజులుంది. "ఇంతకీ నువ్వు రోజంతా చేసే పనేమిటే?" అని అడిగాను. "డ్రిఫ్ట్ సరిచెయ్యడం, పిన్నీ" అంది. అంటే ఏమిటని అడగడం నా తప్పు కాదు గదా! అప్పుడు మొదలుపెట్టిన మనిషి, పెసరట్లు చల్లారిపోయినా ఆపలేదు. ఆర్ట్సు చదువుకున్న నాకు అర్థమయినంత మటుకు మీకు చెబుతాను.

మనం వేలు కదిపినా, ఒకరి మొహం గుర్తుపట్టినా, మెదడులో ఆ పని జరిగే చోటికి కాస్త ఎక్కువ రక్తం వెడుతుంది. ప్రాణవాయువు నిండుగా ఉన్న రక్తానికీ, అది ఖర్చయిపోయిన రక్తానికీ అయస్కాంతం దగ్గర నడతలో తేడా ఉంది. ఆ తేడాని 1936లో లైనస్ పాలింగ్, ఛార్లెస్ కోర్యెల్ అనే ఇద్దరు పట్టుకున్నారు. దాన్ని ఆసరాగా చేసుకుని మెదడు పనిని బొమ్మలో చూడవచ్చని 1990లో సెయిజి ఒగావా అనే జపాను శాస్త్రజ్ఞుడు ఎలుకల మీద చూపించాడు. 1992 నాటికి మనుషుల మెదళ్లూ బొమ్మలకెక్కాయి. దీన్నే ఎఫ్.ఎమ్.ఆర్.ఐ. అంటున్నారు. పేపర్లలో అప్పుడప్పుడు మెదడు బొమ్మా, అందులో ఎర్రగా వెలిగే మచ్చలూ వేసి, "ప్రేమ ఇక్కడుంది, భయం అక్కడుంది" అని రాస్తారే, అవి ఈ యంత్రం ఇచ్చినవే.

ఇది ఆలోచనని ఫొటో తియ్యడమని చాలామంది అనుకుంటారు. కాదు. పాలవాడి లెక్క చూసి, ఫలానా ఇంట్లో ఇవాళ ఓ గ్లాసుడు ఎక్కువ పోయించుకున్నారు కాబట్టి వాళ్లింటికి చుట్టాలొచ్చి ఉంటారని ఊహించడంలాంటిది. తరచు ఆ ఊహ నిజమే అవుతుంది. ఒకోసారి పిల్లి కూడా తాగి ఉండవచ్చు.

పైగా ఆ ఎక్కువ ఎంతనుకున్నారు? సాధారణంగా నూటికి ఒకటి రెండు పాళ్లు. అంత చిన్న తేడా కొలవాలంటే తక్కెడ ఎంత నిలకడగా ఉండాలి! యంత్రంలోని అయస్కాంతం సామాన్యమైనదా అంటే కాదు. మన కాళ్ల కింది భూమి అయస్కాంతం కన్నా దాదాపు 70,000 రెట్లు బలమైనది. దాని తీగచుట్టలు ద్రవ హీలియంలో, సున్నాకి 269 డిగ్రీల కింద మునిగి ఉంటాయి. ఇంత వైభోగం చేసినా అది కుదురుగా ఉండదట. బొమ్మ తియ్యడం కోసం లోపల వేరే తీగచుట్టల్లో కరెంటు టకటకా మారుతూ ఉంటుంది. దాంతో వేడి పుడుతుంది. క్షేత్రం అన్నిచోట్లా సమంగా ఉండాలని లోపల అమర్చిన ఇనుపముక్కలు ఆ వేడికి వెచ్చబడతాయి. వెచ్చబడ్డ ఇనుము తన అయస్కాంత గుణం రవ్వంత వదులుకుంటుంది. ఆ రవ్వంతకే లెక్క జారడం మొదలుపెడుతుంది. మనిషి గుండె నిండా ఊపిరి పీల్చుకున్నా తల దగ్గర క్షేత్రం కాస్త మారుతుందట. ఆ మార్పులకి ఒకోసారి బొమ్మ మొత్తం ఓ పక్కకి జరుగుతుంది. లోపల పడుకున్న మనిషి "నేను కదల్లేదు మొర్రో" అన్నా, అంకెలు చూస్తే తల కదిలినట్టే ఉంటుంది.

కూరలామె చింతపిక్క ఒక్కసారి వేస్తే ఆ పూటంతా సరిపోయేది. ఇక్కడ పళ్లెం తూచుతూండగానే వాలిపోతోంది. పది నిమిషాల పరీక్షలో ఈ జారుడు, వాళ్లు వెతుకుతున్న ఆ నూటికి ఒకటి రెండు పాళ్లని మించిపోయినా పోవచ్చు.

చాలాకాలం ఈ జారుడికి కారణం మనిషే అనుకున్నారు. ఊపిరో, గుండె కొట్టుకోవడమో, తలలో మెల్లగా జరిగే ఇంకేదో అని. 1999లో స్మిత్ అనే పరిశోధకుల బృందం ఆ అనుమానం తీర్చుకోవడానికి శవాలని యంత్రంలో పడుకోబెట్టి కొలిచింది. ఊపిరి లేదు. గుండె చప్పుడు లేదు. ఆలోచన మాట చెప్పనే అక్కర్లేదు. అయినా జారుడుంది. అంటే ప్రధానంగా అది యంత్రం గుణమే అన్నమాట.

ఈ ముక్క విన్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. బతికున్నవాళ్ల మనసులో మెల్లగా ఏదో మారుతోందని అనుకున్న గీతా, చనిపోయినవాళ్ల దగ్గర వచ్చిన గీతా ఒక్కలాగే వాలుగా ఉండటం!

సరే, మరి దాన్ని సరిచెయ్యడమెలా? నీళ్లు నింపిన ఉత్తుత్తి తలని రోజూ కొలిచి యంత్రం నాడి చూసుకుంటారు. కొలత మధ్యలో క్షేత్రం ఎంత జరిగిందో పట్టే ఉపాయాలూ ఉన్నాయి. అన్నీ అయ్యాక కూడా మిగిలినదాన్ని లెక్కలో తీసేస్తారు. వచ్చిన అంకెల మధ్య నుంచి ఒక వాలుగీత గీసి, ఆ వాలుని తీసివెయ్యడం ఒక పద్ధతి. లేకపోతే, ఇంతకన్నా నెమ్మదిగా మారేది ఏదైనా సరే యంత్రం జారుడే అని హద్దు పెట్టి, మొత్తం వడకట్టెయ్యడం. బాగా వాడుకలో ఉన్న ఎస్.పి.ఎం. అనే లెక్కల పద్ధతిలో, మనం వేరే ఏం చెప్పకపోతే, ఆ హద్దు 128 సెకన్లు. రెండు నిమిషాల పైచిలుకు. అంతకన్నా నెమ్మదిగా వచ్చిపోయేదాన్ని జల్లెడ పట్టి అవతల పారేస్తుంది.

"అయితే రెండు నిమిషాల కన్నా నెమ్మదిగా మనసులో జరిగేవేవీ ఉండవా?" అన్నాను.

"ఉంటాయి పిన్నీ. కానీ ఈ పద్ధతిలో అవి దొరకవు. దీపం వెలిగితే మెదడు ఏం చేస్తుందో చెప్పగలను. అరగంటలో మెల్లగా కమ్ముకొచ్చే దిగులు ఎక్కడుందో చెప్పమంటే చెప్పలేను. దిగులు గీతా, ఇనుము వేడెక్కిన గీతా నాకు ఒకేలా కనిపిస్తాయి" అంది.

ఎంత సులువుగా అనేసిందో! నేను రెండు దశాబ్దాలుగా నవలలు రాస్తున్నది ఆ రెండో రకం గీతల గురించే. ఒక ఆడమనిషికి మొగుడి మీద ప్రేమ తగ్గడానికి ఏడేళ్లు పడుతుంది. తిరిగి కలగడానికి ఇంకా ఎక్కువే పట్టవచ్చు. యంత్రం కళ్లకి ఇదంతా ఇనుము వేడి కింద జమ.

ఏ మాటకామాట చెప్పుకోవాలి, ఆ శాస్త్రజ్ఞులకి ఈ సంగతి తెలియకపోలేదు. 1995లో భరత్ బిస్వాల్ అనే పరిశోధకుడూ, ఆయన తోటివారూ, ఏ పనీ చెప్పకుండా ఊరికే పడుకోబెట్టిన మనుషుల మెదళ్లని కొలిచారు. చప్పుడు కింద కొట్టిపారేసే నిదానమైన హెచ్చుతగ్గులని పారెయ్యకుండా చూశారు. చేతులని కదిపించే భాగం ఎడమవైపు ఎలా హెచ్చుతగ్గులవుతోందో, కుడివైపు కూడా అలాగే, కూడబలుక్కున్నట్టు హెచ్చుతగ్గులవుతోంది. చేతులు మాత్రం కదలడం లేదు. చెత్త అనుకున్న దానిలోంచి ఒక శాస్త్రమే పుట్టింది. అయితే అలాగని వడకట్టడం మానేశారా? మానలేదు. మానితే శవం గీతని మనసు గీత అనుకోవలసి వస్తుంది. జల్లెడ రంధ్రం ఎంత ఉండాలన్న తగవు మాత్రం తీరలేదు.

మా బొబ్బిలి వీణలు మీరెరుగుదురు. గొల్లపల్లిలో పనసకర్రతో చేస్తారు. వర్షాకాలంలో వీణ వాయించేవాళ్లని అడగండి. కచేరీ నడుస్తూండగానే తంతి వదులవుతుంది. శ్రుతి దిగుతుంది. విద్వాంసుడు పల్లవి మధ్యలో బిరడా ఓ పిసరు తిప్పి సర్దేస్తాడు. సభలో పదిమందికి కూడా తెలియదు. కానీ తంబురా పక్కనే మోగుతూ ఉంటుంది కాబట్టి ఆయనకి తెలుస్తుంది. తంబురా కూడా వీణతోబాటే దిగిపోయిందనుకోండి, ఇద్దరూ కలిసి హాయిగా దిగిపోతారు. అపశ్రుతి లేదు. శ్రుతీ లేదు. కచేరీకి ఆలస్యంగా, ఆ శ్రుతి చెవిలో పెట్టుకుని వచ్చిన మనిషికి తప్ప ఎవరికీ లోపం కనిపించదు.

సరిగ్గా ఇలాంటి ఇల్లు ఒకటి బొబ్బిలిలో మా పుట్టింటి వీధిలోనే ఉంది.

ఆ ఇంట్లో మామ్మగారికి డెబ్బై దాటాయి. ఆవిడ చేతి పులుసు ఆ వీధిలో పెట్టింది పేరు. పెద్ద కొడుకు భిలాయిలో ఉద్యోగం, ఏడాదికోసారి సంక్రాంతికి వస్తాడు. చిన్న కొడుకూ కోడలూ ఇంట్లోనే. ఒక సంక్రాంతికి పెద్ద కొడుకు వచ్చిన రెండో రోజునే వీధిలోకి వినిపించేలా గొడవ. "అమ్మకి మతి తప్పుతోంది. అడిగిందే అడుగుతోంది. మా అబ్బాయి పేరు మరిచిపోయింది. ఇంట్లో ఉండి మీరు చూస్తన్నదేటి?" అని.

అందరి చూపులూ కోడలి మీద పడ్డాయి. మన దేశంలో ఏ లెక్క తేడా వచ్చినా ముందు ఆమె పద్దులోనే రాస్తారు గదా!

తరవాత ఆ పిల్ల నాతో చెప్పింది: "నాకు తెలీకపోడమేటమ్మా. పులుసులో ఉప్పు రెండుసార్లు వేసీసినప్పుడు నీళ్లు పోసి సర్దినాను. పోపు మాడిపోతే మళ్లీ పెట్టినాను. తాళాలు బియ్యం డబ్బాలో పెడితే తీసి కొక్కేనికి తగిలించినాను. పేరంటంలో ఆవిడ పేరు మరిచిపోయి తడబడితే ఎనకనుంచి అందించినాను. ఒక్కనాడు కాదు. ఆవిడ నలుగురిలో చిన్నబుచ్చుకోకూడదని."

అదండీ సంగతి. ఆ ఇంట్లో గీత రెండేళ్లపాటు సమంగా కనిపించిందంటే అది సమంగా ఉండటంవల్ల కాదు. పక్కన ఒక మనిషి నిలబడి అనుక్షణం పాసంగం వేస్తూ రావడంవల్ల. అత్తగారి తప్పు ఎంత పెరిగితే ఈమె దిద్దుబాటు అంత పెరిగింది. పులుసు రుచి మారలేదు. మొగుడికి తెలియలేదు, వీధికి తెలియలేదు. రోజుకింత చొప్పున పెరిగిన బరువు కాబట్టి, ఎంత మోస్తున్నదో ఆమెకీ పూర్తిగా తెలియలేదు. ఏడాదికోసారి వచ్చే కొడుక్కి రెండు సంక్రాంతుల మధ్య ఉన్న తేడా ఒక్కసారిగా తగిలింది. ఆయన కన్ను పదునైనదని కాదు. నడుమ ఉన్న మూడువందల చిల్లర రోజులు ఆయన చూడలేదు కాబట్టి.

వాళ్లలో ఎవరిది సరైన కొలత? వీధిలో ఆడవాళ్లం చాలారోజులు దీన్ని గురించే వాదించుకున్నాం. కోడలు దాచిపెట్టిందని కొందరు, కడుపులో పెట్టుకుందని కొందరు. నా ఉద్దేశంలో రెండూ నిజమే. దిద్దడం ప్రేమే. దిద్దిన గుర్తు మిగలకుండా దిద్దడంతోనే చిక్కంతా. వైద్యానికి రెండేళ్లు ఆలస్యమయింది. ఆవిడ గౌరవం రెండేళ్లు నిలబడింది. ఈ రెంటినీ ఒకే తక్కెడలో వేసి తూచమంటే నా చెయ్యి వణుకుతుంది.

మా అక్క కూతురికి ఈ కథ చెబితే ఆ పిల్ల ఓ మాట చెప్పింది. వాళ్లు జారుడు తీసేసిన అంకెలు ఒకచోట, తియ్యకముందు యంత్రం ఇచ్చిన పచ్చి అంకెలు ఇంకోచోట దాస్తారట. ఏ హద్దు పెట్టి వడకట్టారో కాగితంలో రాస్తారట. రేపు ఇంకొకరు వచ్చి, "నీ హద్దు తప్పు, నువ్వు పారేసిందే అసలు సంగతి" అనడానికి వీలుండాలని. నాకు ఇది విజ్ఞానం కన్నా ముందు మర్యాద అనిపించింది. మన పద్ధతి కూడా పూర్వం కొంత ఇలాగే ఉండేది. బొంబాయిలో కొలాబా అని ఒక అయస్కాంత పరిశీలనశాల ఉండేది. ఊళ్లో ట్రాములు కరెంటుతో నడవబోతున్నాయి, ఆ కరెంటుకి ముల్లు చెదురుతుందని దాన్ని 1904లో అలీబాగ్‌కి మార్చారు. మార్చినవాళ్లు పాతదాన్ని వెంటనే మూసెయ్యలేదు. రెండేళ్లపాటు రెండుచోట్లా ఒకేసారి కొలిచారు. పాత లెక్కకీ కొత్త లెక్కకీ వంతెన ఉండాలి గదా!

కానీ అందరూ అంత ఓపిక చూపించరు. మెదడు కొలతలు లాబొరేటరీ దాటి కోర్టుకి వెళ్లినప్పుడు నాకు గుబులుగా ఉంటుంది. 2008లో పుణెలో ఒక సెషన్సు కోర్టు, మెదడు విద్యుత్తుని కొలిచే పరీక్ష ఫలితాన్ని కూడా లెక్కలోకి తీసుకుని ఒక యువతికి యావజ్జీవ శిక్ష వేసింది. అది అయస్కాంతంతో చేసే పరీక్ష కాదు, వేరే పద్ధతి. అయినా ప్రశ్న ఒకటే. బోనులో నిలబడ్డ మనిషి మెదడులో ఏది ఆమె జ్ఞాపకం, ఏది భయం, ఏది యంత్రం వేడి అని విడదీసింది ఎవరు? ఏ పళ్లెంలో చింతపిక్క వేశారో ఆమెకి చూపించారా? 2010 మే 5న సెల్వి కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి పరీక్షలేవీ మనిషి ఒప్పుకోకుండా చెయ్యకూడదని తీర్పు చెప్పింది. తనకి వ్యతిరేకంగా తనే సాక్ష్యం చెప్పమని ఎవరినీ బలవంతపెట్టరాదన్న రాజ్యాంగ సూత్రం మీద ఆ తీర్పు నిలబడింది. మంచి తీర్పు. అయితే కోర్టులు లేని చోట కూడా ఒకరి మనసుని ఇంకొకరు రోజూ కొలుస్తూనే ఉంటారు. అక్కడ ఒప్పుదల ఎవరడుగుతారు?

బొబ్బిలి మామ్మగారిని విశాఖపట్నం తీసుకెళ్లి డాక్టరుకి చూపించారు. ఆయన మందులు రాసి, ఎప్పుడెప్పుడు ఏం మరిచిపోతున్నారో తేదీల వారీగా రాసి తెమ్మన్నాడు. కోడలు వంటింట్లో వేలాడే కాలెండరులోనే, తిథుల పక్క ఖాళీల్లో పెన్సిలుతో సన్నగా రాయడం మొదలుపెట్టింది. "ఉప్పు 2 సార్లు." "తాళం." "సాయంత్రం ఏ ఊరు అని అడిగారు." అత్తగారికి అక్షరాలు ఆనవు కదా అని ధైర్యం.

మామ్మగారికి అక్షరాలు ఆనాయి. ఏకాదశి ఎప్పుడో చూడబోయి మొత్తం చదివేసింది.

ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. కోడలి మొహంలో నెత్తురు చుక్క లేదు. ముసలావిడ కాసేపు కాలెండరు వంక, కాసేపు కోడలి వంక చూసింది. "ఏటే, నా మీద పద్దు రాస్తన్నావా?" అంది. కోపమా అంటే కోపం లేదు. సిగ్గుపడినట్టూ లేదు. ఇంకో ఆకు వెనక్కి తిప్పి, వేలు పెట్టి ఒక్కొక్కటే చదువుకుంది. ఒకచోట ఆగింది.

"శుక్రవారం నాడు ఉప్పు మరిచిపోలేదు. నువ్వే ముందు వేసీసినావు. అది కొట్టీ" అంది.

కోడలు కొట్టేసింది. మామ్మగారు పెన్సిలు తిరిగి ఇవ్వలేదు. బొడ్లో దోపుకుంది. తరవాతి నెల నేను వెళ్లినప్పుడు చూస్తే ఆ గళ్లలో రెండు రకాల దస్తూరీలున్నాయి. కోడలిది గుండ్రంగా, చిన్నగా. రెండోది వంకరటింకరగా, గీత దాటి పక్క తేదీలోకి వెళ్లిపోతూ: "నిన్న బాగానే ఉన్నాను. ఇవేళ కొంచెం."